కాలేయానికి పేగు పంపే కబురు

సూరత్ రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ల పక్కనే ఉంటుంది సలాబత్‌పురా. అక్కడా, అక్కడి నుంచి లింబాయత్, ఉధ్నా వైపు పోయే పేటల్లోనూ తెలుగు మాట కొత్తేమీ కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి తరాలుగా వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ ఊళ్లో వేళ్లూనుకున్నాయి. వాళ్ల పిల్లల కోసం సూరత్ నగర పాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోంది. పెద్దలకు సాంచాల (మరమగ్గాల) మీద పన్నెండు గంటల పని. కొన్నాళ్లు పగటి పాళీ, కొన్నాళ్లు రాత్రి పాళీ. నిద్రా తిండీ పాళీని బట్టే మారుతుంటాయి.

ఇలాంటి ఇంట్లో నలభై దాటిన మనిషి కడుపునొప్పి అనో, అజీర్తి అనో స్కానింగ్‌కు వెళ్తే రిపోర్టు అడుగున ఒక వాక్యం కనిపించడం మామూలైపోయింది: గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్. దాన్ని చూసి కొందరు 'అందరికీ ఉండేదే' అని మడిచి బీరువాలో పెట్టేస్తారు. కొందరు 'నేను మందు ముట్టను, నాకు లివర్ జబ్బేమిటి' అని బెంబేలెత్తుతారు. గుజరాత్ రాష్ట్రం 1960లో ఏర్పడిన నాటి నుంచి అక్కడ మద్యనిషేధం ఉంది కాబట్టి రెండోవాళ్ల ప్రశ్న మరీ సహజం. ఆ రెండు తీర్లూ ప్రమాదమే. ఎందుకో తెలియాలంటే కాలేయంలో కొవ్వు ఎలా చేరుతుందో, చేరకుండా ఒళ్లు ఏ ఏర్పాటు చేసుకుందో చూడాలి. ఆ ఏర్పాటులో మనం చాలాకాలం పట్టించుకోని పాత్ర పైత్యరసానిది.

ముందు జబ్బు సంగతి. కాలేయంలో కొవ్వు 5 శాతం దాటితే ఫ్యాటీ లివర్ అంటారు. మద్యం తాగకపోయినా చక్కెర జబ్బు, అధిక బరువు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు, బీపీ వంటి వాటితో ముడిపడి వచ్చే రకమే ఇప్పుడు ఎక్కువ. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2022లో వేసిన అంచనా ప్రకారం పెద్దవాళ్లలో దాదాపు 38 శాతం మందికి ఇది ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి కలిసి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రచురించిన ఫలితాల్లో ఆ సంఖ్య 84 శాతం. పత్రికల్లో అది పెద్దగా వచ్చింది. దాంతో ఇది కుర్చీలో కూర్చునేవాళ్ల జబ్బు అన్న అభిప్రాయం గట్టిపడింది.

ఆ అభిప్రాయంతో సాంచా కార్మికుడికి నష్టం. పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లా పల్లెల్లో కాయకష్టం చేసుకునే పేదల మీద జరిగిన అధ్యయనం ఒకటి 2010లో వెలువడింది. అక్కడ 8.7 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఉంది. అలా ఉన్నవాళ్లలో నలుగురిలో ముగ్గురు లావుగా లేరు. సన్నగా ఉండటం, రెక్కల కష్టం చేయడం కొంతవరకు కాపాడతాయి గానీ పూర్తి రక్షణ ఇవ్వవు. మన ఒళ్లలో కండ తక్కువ, పొట్టలోపలి కొవ్వు ఎక్కువ. అందుకే ఆసియా వాళ్లకు ఎత్తూ బరువుల లెక్క బీఎంఐ 23 దాటగానే జాగ్రత్త పడమంటారు. అయిదడుగుల అయిదంగుళాల మనిషి 65 కిలోలుంటే మన కంటికి చక్కగా ఉన్నట్టే లెక్క. కానీ ఆ గీత అప్పటికే దాటేశాడు.

ఇక పైత్యరసం. కాలేయం రోజుకు ముప్పావు లీటరు అటూ ఇటూగా దీన్ని తయారు చేస్తుంది. ఖాళీ కడుపున వాంతైతే పసరులా, చేదుగా నోటికి తగిలేది ఇదే. ఇందులో అసలు సరుకు పైత్య ఆమ్లాలు. కొలెస్టరాల్‌ను ముడిసరుకుగా తీసుకుని కాలేయం వీటిని చేస్తుంది. మనుషుల్లో ముఖ్యమైనవి రెండు: కోలిక్ ఆమ్లం, కీనోడియాక్సీకోలిక్ ఆమ్లం. వీటి రసాయన నిర్మాణం మీద పనిచేసినందుకు జర్మన్ శాస్త్రవేత్త హైన్‌రిఖ్ వీలాండ్‌కు 1927 నోబెల్ బహుమతి దక్కింది. అయినా ఆ తర్వాత డెబ్బై ఏళ్లపాటు పాఠ్యపుస్తకాలు వీటికి అప్పగించిన పని ఒక్కటే. తిన్న నూనెను సన్నని బొట్లుగా విడగొట్టి, పేగు పీల్చుకునేలా చేయడం.

రాత్రి పాళీలో ఉన్న కార్మికుడు పదకొండింటికి టిఫిన్ డబ్బా విప్పాడనుకుందాం. అన్నం, పప్పు, నూనె తేలే బంగాళదుంప కూర, పక్కన ఓ గుప్పెడు సేవ్. ఆ నూనె చిన్నపేగు మొదటి భాగానికి చేరగానే పేగు గోడ నుంచి ఒక హార్మోను రక్తంలోకి వెళ్తుంది. దాని దెబ్బకు పిత్తాశయం ముడుచుకుని, నిల్వ ఉంచిన పైత్యరసాన్ని పేగులోకి వదులుతుంది. నూనె విడిపోతుంది, లోపలికి ఇంకుతుంది. పైత్య ఆమ్లాలు మాత్రం అక్కడ ఇంకవు. ఆహారంతో పాటే మీటర్ల పొడవునా ప్రయాణించి చిన్నపేగు చివరి భాగానికి చేరతాయి. అక్కడ వాటిలో 95 శాతాన్ని పేగు ఏరి వెనక్కి తీసుకుని, నేరుగా కాలేయానికి పోయే రక్తనాళంలో వేస్తుంది. ఒంట్లో మొత్తం పైత్య ఆమ్లాలు మూడు గ్రాముల ప్రాంతంలోనే ఉంటాయి. ఆ కాస్త సరుకే రోజుకు ఆరు నుంచి పదిసార్లు ఈ చుట్టు తిరుగుతుంది. మలంలో పోయేది అర గ్రాము లోపు. ఆ లోటును మాత్రమే కాలేయం కొత్తగా పూడుస్తుంది.

ఎంత పోయిందో, ఎంత చేయాలో కాలేయానికి ఎలా తెలుస్తోంది? 1999లో మూడు బృందాలు విడివిడిగా ఒకే జవాబుకు వచ్చాయి. డల్లాస్‌లో డేవిడ్ మాంగెల్స్‌డార్ఫ్ ప్రయోగశాల, కాలిఫోర్నియాలో బ్యారీ ఫోర్‌మన్ బృందం, నార్త్ కరోలినాలోని గ్లాక్సో సంస్థ పరిశోధకులు. కణ కేంద్రకంలో ఎఫ్‌ఎక్స్‌ఆర్ అనే గ్రాహకం ఉన్నట్టు 1995లోనే తెలుసు. అది దేనికి స్పందిస్తుందో మాత్రం సరిగా తేలలేదు. అది పైత్య ఆమ్లాలకు స్పందిస్తుందని ఈ మూడు బృందాలూ చూపాయి. అంటే పైత్య ఆమ్లం జీర్ణరసం మాత్రమే కాదు, హార్మోనులా కూడా పనిచేస్తోంది.

మన కార్మికుడి పేగులోకే మళ్లీ వెళ్దాం. చిన్నపేగు చివరి కణాల్లోకి పైత్య ఆమ్లం ప్రవేశించగానే ఎఫ్‌ఎక్స్‌ఆర్‌కు అతుక్కుంటుంది. ఆ కణం వెంటనే ఎఫ్‌జీఎఫ్ 19 అనే ప్రొటీన్‌ను తయారుచేసి కాలేయానికి పంపుతుంది. ఆ కబురు సారాంశం ఇది: భోజనం వచ్చింది, పైత్య ఆమ్లాలు చాలినన్ని ఉన్నాయి, కొత్తవి చేయడం ఆపు. కబురు అంతటితో ఆగదు. వచ్చిన చక్కెరను గ్లైకోజన్‌గా దాచుకోమంటుంది. కాలేయానికి తిరిగొచ్చిన పైత్య ఆమ్లాలు అక్కడి ఎఫ్‌ఎక్స్‌ఆర్‌నూ తట్టి, పిండిపదార్థాన్ని కొవ్వుగా మార్చే జన్యువులను అణచివేస్తాయి. తిండి అందిన ప్రతిసారీ ఒక పక్క ఇన్సులిన్ 'దాచుకో, కొవ్వు చేసుకో' అంటుంటే, మరో పక్క పైత్య ఆమ్లాలు 'చాలు' అంటున్నాయన్నమాట. ఈ రెండో గొంతు వినపడినంత కాలం కాలేయంలో కొవ్వు హద్దులో ఉంటుంది.

ఈ సంగతికి ఆనవాళ్లు అంతకు ముందే ఆసుపత్రుల్లో కనిపించాయి గానీ, ఎవరూ వాటిని కలిపి చూడలేదు. పిత్తాశయ రాళ్లు కరిగించడానికి 1970లలో కీనోడియాక్సీకోలిక్ ఆమ్లాన్ని మాత్రలుగా ఇచ్చారు. అది వాడినవాళ్ల రక్తంలో ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి. కొలెస్టరాల్ తగ్గించడానికి కొలెస్టైరమిన్ అనే పొడి ఇచ్చేవారు. అది పేగులో పైత్య ఆమ్లాలను పట్టేసి బయటికి తోసేస్తుంది. దాన్ని వాడినవాళ్లలో కొలెస్టరాల్ తగ్గింది, ట్రైగ్లిజరైడ్లు మాత్రం పెరిగాయి. పైత్య ఆమ్లం పెంచితే కొవ్వు తగ్గుతోంది, తీసేస్తే పెరుగుతోంది. కారణం ముప్పై ఏళ్ల తర్వాత తెలిసింది.

పైత్య ఆమ్లాలకు రెండో తలుపు కూడా ఉంది. టీజీఆర్ 5 అనే ఈ గ్రాహకాన్ని జపాన్ పరిశోధకులు 2002, 2003లలో వెలుగులోకి తెచ్చారు. ఇది కణం పైపొర మీద ఉంటుంది. పేగులో దీన్ని తట్టితే జీఎల్‌పీ 1 అనే హార్మోను విడుదలవుతుంది. ఆకలిని తగ్గించేది, ఇన్సులిన్‌కు ఊతమిచ్చేది అదే. ఇప్పుడు ఎక్కడ చూసినా వినపడుతున్న సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ ఆ హార్మోనుకు నకలే.

మరి ఫ్యాటీ లివర్‌లో ఏం చెడుతోంది? సాంచా తెలిసినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. పేక దారం తెగితే సాంచా దానంతటదే ఆగాలి. దారం ఉందో లేదో తడిమి చూసే చిన్న ముల్లు ఒకటి ఆ పని చేస్తుంది. ఆ ముల్లు అరిగిపోతే దారం తెగినా సాంచా ఆడుతూనే ఉంటుంది, గుడ్డ పాడవుతూనే ఉంటుంది. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ల కాలేయంలో ఎఫ్‌ఎక్స్‌ఆర్ తగ్గినట్టు, ఎఫ్‌జీఎఫ్ 19 కబురు వచ్చినా కాలేయం సరిగా స్పందించనట్టు పరిశోధనల్లో కనబడింది. రక్తంలో పైత్య ఆమ్లాలు మామూలుకన్నా ఎక్కువగా ఉంటాయి, అయినా 'చాలు' అన్న మాట చెవికెక్కదు. ఇన్సులిన్ విషయంలో జరిగేదీ ఇలాంటిదే. రెండూ ఒకదాన్నొకటి ముదరబెట్టుకుంటాయి. ఏది ముందు చెడింది, ఏది తర్వాత అన్నది మనిషిని బట్టి మారవచ్చు. ఫ్యాటీ లివర్‌కు పైత్య ఆమ్లాల గందరగోళం ఒక్కటే కారణమని ఎవరైనా చెబితే నమ్మకండి. తిండి, జన్యువులు, ఇన్సులిన్ మొండికేయడం, కండ తక్కువ కావడం అన్నీ అందులో ఉన్నాయి.

పేగులోని సూక్ష్మజీవులకూ ఇందులో వాటా ఉంది. పెద్దపేగుకు జారిన పైత్య ఆమ్లాలను అవి కోసి, మార్చి, డియాక్సీకోలిక్ ఆమ్లం వంటి కొత్త రకాలుగా చేస్తాయి. ఒక్కో రకం ఎఫ్‌ఎక్స్‌ఆర్‌ను, టీజీఆర్ 5ను ఒక్కో తీరుగా తడుతుంది. కాలేయ వాపు ఉన్నవాళ్లలో ఈ మారిన రకాల పాళ్లు ఎక్కువగా కనిపిస్తున్నాయి. జొన్న రొట్టె, పప్పు, ఆకుకూర తినేవాడి పేగులోనూ, మైదా, సేవ్, చక్కెర తినేవాడి పేగులోనూ ఒకే రకం సూక్ష్మజీవులు పెరగవు. పీచు తినమని డాక్టర్లు చెప్పేది మలబద్ధకం కోసమే అనుకుంటాం. అది పైత్య ఆమ్లాలను పట్టుకుంటుంది, సూక్ష్మజీవులకు మేత అవుతుంది, అలా కాలేయానికి పోయే కబురునూ మారుస్తుంది.

ఇక గడియారం. రాత్రి పాళీ వాళ్లకు ఇది ముఖ్యం. మనుషుల్లో కొత్త పైత్య ఆమ్లాల తయారీ మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో ఒకసారి, రాత్రి తొమ్మిది ప్రాంతంలో ఒకసారి పెరుగుతుందని స్వీడన్ పరిశోధకులు 2005లో చూపారు. రాత్రి గడిచేకొద్దీ అది తగ్గుతుంది. కాలేయానికి తన సొంత గడియారం ఉంది. తిండి వేళ ఆ గడియారాన్ని సవరిస్తుంది. వారం పగలు, వారం రాత్రి పనిచేసే మనిషికి వెలుతురు చెప్పే వేళ ఒకటి, భోజనం చెప్పే వేళ ఇంకొకటి. పాళీలు మారుతూ పనిచేసేవాళ్లలో ఫ్యాటీ లివర్ కొంత ఎక్కువని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. పాళీయే జబ్బు తెచ్చిందని వాటితో రుజువు కాదు. రాత్రి పనితో పాటు చక్కెర చాయ్‌లు, నిద్రలేమి కూడా వస్తాయి కదా. కానీ రాత్రి మూడో జామున తిన్న పూరీకీ, మధ్యాహ్నం తిన్న పూరీకీ ఒళ్లు ఒకే లెక్క కట్టదన్నది మాత్రం గట్టి మాటే.

ఇంత తెలిసాక మందు కంపెనీలు ఊరుకోవు. తెగిన కబురును మాత్రతో పంపితే సరి కదా అనుకున్నారు. ఇటలీలోని పెరూజా విశ్వవిద్యాలయంలో రాబర్టో పెల్లిచ్చియారి బృందం కీనోడియాక్సీకోలిక్ ఆమ్లానికి చిన్న మార్పు చేసి, ఎఫ్‌ఎక్స్‌ఆర్‌ను దానికన్నా వంద రెట్లు బలంగా తట్టే పదార్థాన్ని తయారుచేసి 2002లో ప్రకటించింది. అదే ఒబెటికోలిక్ ఆమ్లం. 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరీక్షలో 283 మంది పాల్గొన్నారు. మందు తీసుకున్నవాళ్లలో 45 శాతం మందికి కాలేయం ముక్క పరీక్షలో మెరుగుదల కనిపించింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 21 శాతం. ఆశలు పెరిగాయి. 2019లో వచ్చిన పెద్ద పరీక్ష మధ్యంతర ఫలితాల్లో కాలేయం గట్టిపడటం తగ్గినవాళ్లు 23 శాతం, ఉత్తుత్తి మాత్రతో 12 శాతం. కానీ ఎక్కువ మోతాదు వాడినవాళ్లలో సగం మందికి దురద పట్టుకుంది. చెడ్డ కొలెస్టరాల్ పెరిగింది. పెరగక ఏం చేస్తుంది? పైత్య ఆమ్లాల తయారీ ఆపమని అంత గట్టిగా చెబితే, వాటికి ముడిసరుకైన కొలెస్టరాల్ ఎక్కడికి పోతుంది? అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో ఒకసారి, 2023లో మరోసారి ఫ్యాటీ లివర్‌కు ఈ మందును తిరస్కరించింది. కంపెనీ ఆ ప్రయత్నం మానుకుంది. వేరే కాలేయ జబ్బుకు అంతకుముందే అనుమతి ఉన్నా, 2025లో అమెరికా మార్కెట్ నుంచే దాన్ని వెనక్కి తీసుకుంది.

నా దృష్టిలో ఇది వృథా పోయిన కథ కాదు. భోజనం వెంట కాసేపు వచ్చి ఆగిపోవాల్సిన కబురును మాత్ర రోజంతా అరిచి చెప్పింది. ఎంత చెప్పాలి, ఎక్కడ చెప్పాలి, ఎంతసేపు చెప్పాలి అన్నది ఒంటికి తెలిసినంతగా మనకింకా తెలియలేదు. పేగులో మాత్రమే పనిచేసే మందుల కోసం, దురద పెట్టని మందుల కోసం ప్రయత్నాలు సాగుతున్నాయి. ఈలోగా ఫ్యాటీ లివర్‌కు ఇతర దారుల్లో మందులొచ్చాయి. కాలేయంలో థైరాయిడ్ గ్రాహకాన్ని తట్టే రెస్మెటిరోమ్‌కు 2024లోనూ, సెమాగ్లుటైడ్‌కు 2025లోనూ అమెరికాలో అనుమతి దొరికింది. గుజరాత్‌కే చెందిన అహ్మదాబాద్ జైడస్ సంస్థ తయారుచేసిన సరోగ్లిటజార్‌కు మన ఔషధ నియంత్రణ సంస్థ 2020లోనే అనుమతి ఇచ్చింది. ఇవేవీ స్కానింగ్‌లో గ్రేడ్ 1 అని కనబడగానే సొంతంగా కొనుక్కునేవి కావు.

ఇక్కడ ఒక మాత్ర గురించి చెప్పాలి. ఫ్యాటీ లివర్ అనగానే మన దేశంలో చీటీ మీద తరచూ కనబడేది ఉర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం. అదీ పైత్య ఆమ్లమే. కొన్ని ఇతర కాలేయ జబ్బుల్లో అది మంచి మందు. కానీ అది ఎఫ్‌ఎక్స్‌ఆర్‌ను తట్టదు. 166 మందితో రెండేళ్లు పరీక్షించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో ఫ్యాటీ లివర్ వాపుకు అది ఉత్తుత్తి మాత్రను మించి పనిచేయలేదు. ఆ జబ్బుకు దాన్ని వాడవద్దనే అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీటరు లెక్కన కూలి వచ్చే ఇంటికి నెలనెలా ఆ ఖర్చు చిన్నది కాదు. ఏ కారణానికి రాశారో డాక్టరును అడగడంలో తప్పు లేదు. వేరే కారణం ఉంటే ఆయనే చెబుతారు. అడగకుండా మాత్రం ఆపేయకండి.

ఆ డబ్బుతో చేయించుకోవాల్సిన పని వేరే ఉంది. కొవ్వు ఉందా లేదా అన్నదానికన్నా, కాలేయం గట్టిపడుతోందా అన్నది పెద్ద ప్రశ్న. మామూలు స్కానింగ్ దీన్ని మొదట్లో పట్టలేదు. మామూలు రక్తపరీక్షలతోనే ఒక అంచనా వేయవచ్చు. దాని పేరు ఫిబ్ 4. వయసును లివర్ రక్తపరీక్షలో వచ్చే ఏఎస్‌టీ అంకెతో గుణించాలి. ప్లేట్‌లెట్ల సంఖ్యను వేలల్లో రాసుకుని, అదే లివర్ పరీక్షలోని ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించాలి. మొదటి దాన్ని రెండో దానితో భాగించాలి. ఉదాహరణకు 46 ఏళ్ల మనిషికి ఏఎస్‌టీ 52, ఏఎల్‌టీ 64, ప్లేట్‌లెట్లు 2 లక్షల 10 వేలు అనుకోండి. 46ను 52తో గుణిస్తే 2392. 64 వర్గమూలం 8, దాన్ని 210తో గుణిస్తే 1680. భాగిస్తే 1.42. ఇది 1.3 లోపు ఉంటే కాలేయం గట్టిపడి ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే ఎక్కువ. మధ్యలో పడ్డ ఈ మనిషికి కాలేయం గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ తీయించాలి. 35 ఏళ్ల లోపు వాళ్లకు ఈ లెక్క నమ్మదగింది కాదు. 65 దాటినవాళ్లకు 1.3 బదులు 2 చూస్తారు. సలాబత్‌పురా వాళ్లకు దగ్గర్లోనే ఉమర్వాడాలో నగర పాలక సంస్థ వైద్య కళాశాల ఆసుపత్రి స్మీమెర్ ఉంది. ఫ్యాటీ లివర్‌ను కేంద్ర ప్రభుత్వం 2021లో జాతీయ అసాంక్రామిక వ్యాధుల కార్యక్రమంలో చేర్చింది. కాబట్టి ప్రభుత్వ డాక్టరు దగ్గర ఈ ప్రశ్న అడగడం మన హక్కు. అదే చీటీతో చక్కెర, హెపటైటిస్ బి, సి పరీక్షలూ చేయించుకుంటే మేలు.

బరువు సంగతికి వస్తే, ఉన్న బరువులో 5 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది. 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు తగ్గుతుంది. సన్నగా ఉన్నవాళ్లకు 3 నుంచి 5 శాతం చాలు. బీఎంఐ గీత దాటిన పై 65 కిలోల మనిషికి 5 శాతం అంటే మూడు కిలోల పైచిలుకు. రాత్రి పాళీ మానేయమని చెప్పడం తేలికే గానీ, దాని మీదే ఇల్లు నడిచేవాడికి ఆ సలహా అక్కరకు రాదు. చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. అసలు భోజనం పాళీకి వెళ్లేముందు ఇంట్లో చేయడం, అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము వరకు తేలికగా సరిపెట్టుకోవడం, చాయ్‌లో చక్కెర తగ్గించడం, పాళీ దిగి వస్తూ ఫాఫ్డా, జలేబీ కట్టించుకోకుండా ఇంటికెళ్లి కాస్త తిని పడుకోవడం. చక్కెర లేని కాఫీ కాలేయానికి మేలు చేస్తుందని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. చాయ్ అలవాటున్న చోట ఇది కొంచెం కష్టమే.

ఒక్క జాగ్రత్త. తొందరపడి కడుపు మాడ్చుకుని వారానికి కిలోన్నర మించి తగ్గకూడదు. అలా తగ్గేటప్పుడు కాలేయం పైత్యరసంలోకి కొలెస్టరాల్‌ను ఎక్కువగా వదులుతుంది. నూనె బొత్తిగా లేని తిండితో పిత్తాశయం ముడుచుకోదు. నిలవ ఉన్న రసంలో రాళ్లు కడతాయి. అందుకే రోజూ ఒక పూటైనా చెంచా రెండు చెంచాల నూనెతో వండిన కూర ఉండాలి. తిన్నాక కుడి డొక్కలో మొదలై భుజం దాకా పాకే నొప్పి గంటల తరబడి వదలకపోయినా, దాంతోపాటు జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా పాళీ అయ్యేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.